రాలిన పిక్కే పిక్క

శివరాత్రి దాటిందంటే శ్రీకాకుళం తీరాన ఉద్దానంలో ఆడవాళ్లు జీడితోటలకు చీపుళ్లు పట్టుకెళ్లేవారు. ఇంట్లో వాడే కొబ్బరి ఈనెల చీపుళ్లే. చెట్టు నీడ ఎంతమేర పడుతుందో అంతమేరా ఎండుటాకు ఊడ్చి, గడ్డి చెక్కి, నేలను ఇంటి వాకిలిలా చేసేవారు. ఎండిన జీడాకుదీ రాలిన పిక్కదీ ఇంచుమించు ఒకటే రంగు. ఆకుల్లో పడిన పిక్క కంటికి ఆనదు. నాలుగు రోజులు అక్కడే ఉండిపోయి ఓ వాన తగిలిందంటే తొక్క నల్లబడి, లోపల పప్పు మీదికి మచ్చ దిగుతుంది. ఊడ్చిన నేల మీదైతే పొద్దున్నే ఆ చెట్టు రాత్రి ఎన్ని రాల్చిందో గట్టు మీంచే తెలిసేది. ఇప్పుడు ఊడ్చే మనిషి దొరక్క కలుపుమందు కొట్టేస్తున్నారు. గడ్డి చస్తుంది, ఆకు మాత్రం అక్కడే ఉంటుంది.

పిక్క అంటే గింజ. పై ఊళ్లవాళ్లు జీడిగింజ అంటారు గానీ శ్రీకాకుళం వైపు అది జీడిపిక్కే. అసలు జీడి అన్న మాట ఈ చెట్టుది కాదు. మన అడవుల్లో నల్లజీడి ముందునుంచీ ఉంది. దాని రసంతోనే బట్టలుతికేవాళ్లు ఎవరి బట్ట ఎవరిదో గుర్తులు పెట్టేవారు. ఒంటికి అంటితే పొక్కుతుంది. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి పడమటి తీరానికి తెచ్చిన ఈ కొత్త చెట్టు మన ఇసుక నేలలకు చేరేసరికి, పండు చూస్తే మామిడి, తొక్క కొరికితే జీడి. అలా జీడిమామిడి అయింది. కొన్ని జిల్లాల్లో ముంతమామిడి అంటారు. మూడు చెట్లదీ ఒకటే కుటుంబమని వృక్షశాస్త్రం కూడా చెబుతుంది. పేరు పెట్టినవాళ్లు మాత్రం శాస్త్రం చూసి పెట్టలేదు, మూతి కాల్చుకుని పెట్టారు.

ఏరడానికి ఒక్కటే కట్టుబాటు ఉండేది: చెట్టు మీద చెయ్యి వేయకూడదు. పిక్క పండుతో సహా దానంతటది రాలాలి. పూత విచ్చిన 55, 60 రోజులకు రాలుతుంది. చూసేవాళ్లను జీడి తికమకపెట్టేది ఇక్కడే. ముందు పెరిగేది పిక్క, పండు కాదు. పచ్చటి పిక్క బాగా పెద్దదై కాడ చివర వేలాడుతుంటే వెనక పండు ఇంకా చిటికెన వేలంత కూడా ఉండదు. ఆ తర్వాత పిక్క బూడిద రంగుకు తిరిగి, గట్టిపడి, కాస్త చిక్కుతుంది. పండు అప్పుడు ఉబ్బుతుంది. అంటే పచ్చి పిక్క ముదురు పిక్క కంటే పెద్దగా కనబడుతుంది. దొంగల భయంతోనో, అప్పుల తొందరతోనో అప్పుడే దులిపేస్తే సంచి నిండినట్టే ఉంటుంది. ఎండబెట్టాక తొక్క ముడతలు పడి, లోపల పప్పు ఈనెలా మిగులుతుంది. అలాంటి పిక్కలు పిడికెడు కలిసినా పలాస వ్యాపారి బస్తాలోంచి దోసెడు తీసి నీళ్లలో వేసి పట్టేసేవాడు. గట్టి పిక్క మునుగుతుంది, తాలు తేలుతుంది.

ఏరిన పండును ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో పిక్కను మెలితిప్పి లాగాలి. ఊరికే గుంజితే పండు కండ పిక్క నెత్తిన అంటుకుని వస్తుంది. ఆ కండే బూజుకు మొదలు. ఇద్దరు మనుషులు పగలంతా కూర్చుని చేసే పని, మాటలకు అడ్డురాదు.

తర్వాత ఎండ. రాలిన పిక్కలో తేమ పాతిక శాతం దాకా ఉంటుంది. అది 8, 9 శాతానికి దిగాలి. గట్టి కళ్లంలో పలచగా పరిచి, రోజుకు మూడు నాలుగుసార్లు కాలితో కలియబెడుతూ, రెండు మూడు రోజులు ఆరబెడితే సరిపోతుంది. సాయంత్రం కుప్ప చేసి కప్పాలి, లేకపోతే రాత్రి మంచు పగటి ఎండనంతా తినేస్తుంది. ఎండిందో లేదో చూడటానికి గోరు గుచ్చేవారు: నొక్కు పడితే ఇంకో రోజు. దోసిట్లో పోసుకుని ఊపితే గలగలమనాలి, దబదబమనకూడదు. ఈ రెండు పరీక్షలూ చాలు, తేమ కొలిచే మిషను అక్కర్లేదు. ఎండిన పిక్కలు గోనె సంచుల్లో నింపి, చెక్కల మీద గోడకు ఎడంగా పేర్చేవారు. సిమెంటు నేల మీద నేరుగా పెట్టినవాళ్లకు వానలొచ్చేసరికి అడుగు బస్తా ముక్కిపోయేది.

బస్తా అంటే 80 కిలోలు. మా వైపు ధర ఎప్పుడూ బస్తా మీదే చెప్తారు, కిలో మీద చెప్పరు. 80 కిలోల పిక్కల్లో ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్నదే ప్రపంచమంతటా జీడి బేరగాళ్ల లెక్క. 48 పౌన్లు దిగితే మంచి సరుకు, అంటే 22 కిలోలకు కాస్త తక్కువ. తోటలో ఆడవాళ్లు గోరు గుచ్చి చూసేదీ, రేవులో బేరగాడు కత్తితో కోసి చూసేదీ ఒకటే.

ఇక కాల్చడం. అది గుంటల, అంటే పిల్లల రాజ్యం. అడుగున మేకుతో చిల్లులు పొడిచిన పాత రేకు డబ్బా, మూడు రాళ్లు, కింద ఎండు కొబ్బరి మట్ట. డబ్బాలో రెండు దోసిళ్ల పిక్కలు వేసి పుల్లతో కలుపుతూనే ఉండాలి. ముందు తొక్క చెమర్చినట్టు మెరుస్తుంది, తర్వాత నూనె చిమ్ముతుంది, ఆ తర్వాత డబ్బా మొత్తం ఒక్కసారిగా భగ్గుమంటుంది. మంట లేచిన అర నిమిషంలో డబ్బాను ఇసుకలోకి బోర్లించి, పైన ఇసుక పోసి ఆర్పాలి. ఆలస్యమైతే పప్పు బొగ్గు. తొందరపడితే ఇంకా చేటు: తొక్కలో నూనె పూర్తిగా మండదు, కొట్టినప్పుడు పప్పుకు అంటుతుంది, రెండో రోజుకు మూతి చుట్టూ పొక్కులు. ఆ నూనెలో ఉండే ఆమ్లంలాంటి పదార్థాలే ఒంటిని కాల్చేవి. అందుకే కొట్టేముందు చేతులకు బూడిద రాసుకునేవారు. నిలువుగా, అంచు మీద నిలబెట్టి కొట్టాలి. పడుకోబెట్టి కొడితే బద్దలవుతుంది, గుండు, అంటే విరగని నిండు పప్పు రాదు. పొగ వచ్చే వైపు నిలబడిన గుంటకు మొహం వాచడం ఏటా ఉండే ముచ్చటే. దానికి కొబ్బరినూనె రాయడం తప్ప వేరే మందు తెలిసేది కాదు.

పిక్కలే అప్పట్లో గుంటలకు డబ్బులు కూడా. ఐసు బండివాడు, బొరుగుల బుట్టవాడు పిక్కలకే ఇచ్చేవారు. వరసగా పేర్చి దూరం నుంచి పెద్ద పిక్కతో కొట్టే ఆట ఒకటి. కొట్టుడు పిక్కను మాత్రం ఎవ్వరూ కాల్చుకు తినేవారు కాదు.

ఆ చెట్లన్నీ పిక్క పాతి పెంచినవి. అప్పటి పద్ధతి సులువుగానే ఉండేది గానీ అందులోనూ మెళకువలున్నాయి. మార్చి, ఏప్రిల్‌లో రాలిన పిక్కల్లోంచి మధ్యరకం, బరువైనవి ఏరి, నీళ్లలో మునిగినవే ఉంచుకునేవారు. మరీ పెద్ద పిక్క మొలక సరిగా రాదని పాతవాళ్ల అనుభవం. జూన్‌లో వాన పడగానే ఒక పగలూ రాత్రీ నానబెట్టి, కాడ అంటిన వైపు పైకి ఉండేలా, అంగుళం లోతున, గోతికి రెండు చొప్పున పాతేవారు. తలకిందులుగా పెడితే మొలక మెడ వంకరపోతుంది. రెండు మూడు వారాలకు మొలక. రెండిట్లో బలమైనది ఉంచి రెండోది కోసేయాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. తల్లివేరు చెదరదు కాబట్టి ఆ చెట్టుకు నీళ్లు పోసే పని ఉండేది కాదు.

చిక్కల్లా ఒకటే, పిక్క చెట్టు తల్లిని పోలదు. ఒకే చెట్టు పిక్కలు పది పాతితే పది రకాలు. ఒకటి ఎర్ర పండు, ఒకటి పసుపు. ఒకటి ఇరవై కిలోలు ఇస్తుంది, దాని పక్కది రెండు కిలోలతో సరిపెడుతుంది. కాపు చూడటానికి ఐదారేళ్లు ఆగాలి. కొందరు పాత తోటల గురించి బంగారంలా చెప్పుకుంటారు. నీడ సంగతి, పండు రుచి సంగతి అయితే ఒప్పుకోవచ్చు. దిగుబడి సంగతి మాత్రం కాదు. తోటలో సగం చెట్లు ఊరికే చోటు తినేవి, మిగతా సగం వాటి పేరు కూడా నిలబెట్టేవి.

అంటు మొక్కలొచ్చాక ఆ లాటరీ పోయింది. బాపట్ల జీడిమామిడి పరిశోధన స్థానం నుంచి వచ్చిన బీపీపీ-8 మా నేలల్లో బాగా నిలదొక్కుకున్న రకం. పిక్క ఒక్కోటి 8 గ్రాములు తూగుతుంది, అంటే కిలోకు 120 పైచిలుకు పిక్కలు. వందకు 29 పాళ్లు పప్పు దిగుతుంది. మూడో ఏడు నుంచే కాపు.

అంటు కట్టే పని దగ్గరుండి చూస్తే తెలుస్తుంది, అది కత్తి పనికంటే కాలం పని. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపిన సంచిలో పిక్క వేసి పెంచిన మొక్క 45 నుంచి 60 రోజుల వయసులో ఉండాలి. కాండం కింద గట్టిపడుతూ, పైన ఇంకా మెత్తగా ఉన్న దశ అన్నమాట. కట్టాల్సిన పుల్ల మంచి తల్లిచెట్టు నుంచి, మూడు నుంచి ఐదు నెలల వయసుది, పెన్సిలంత లావుది, చివర మొగ్గ ఉబ్బి ఇంకా విచ్చనిది కావాలి. కోసే వారం పది రోజుల ముందే చెట్టు మీద ఉండగానే ఆ పుల్లకున్న ఆకుల రెక్కలు కత్తిరించి, కాడలు వదిలేయాలి. కాడలు ఎండి వాటంతటవి రాలే సమయానికి బలమంతా మొగ్గలో చేరి ఉంటుంది. ఈ ఒక్క పని ఎగ్గొట్టినవాళ్ల నర్సరీలో సగం అంటులు చస్తాయి, వాళ్లేమో కత్తిని తిడతారు.

కట్టే రోజు అడుగున రెండు జతల ఆకులు ఉంచి, మట్టి నుంచి జానెడు ఎత్తులో మొక్క తల తీసేసి, నడిమధ్యన ఐదారు సెంటీమీటర్ల లోతు చీల్చాలి. పుల్ల మొదలును అంతే పొడవున రెండు పక్కలా మేకు మొనలా చెక్కి ఆ చీలికలో దింపాలి. చెక్కిన మొహం ఒక్క కోతలో నున్నగా రావాలి, రెండోసారి కత్తి పెట్టామంటే గాలి సందు మిగులుతుంది. పుల్ల సన్నం, మొక్క లావు అయితే మధ్యలో పెట్టకూడదు. ఒక పక్క అంచుకు జరిపి బెరడు బెరడుతో కలిసేలా పెట్టాలి. ఒక్క పక్క కలిసినా అతుకుతుంది, ఏ పక్కా కలవకపోతే ఎంత గట్టిగా కట్టినా లాభం లేదు. ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి బిగించి, పైన ఐసుపుల్ల కవరులాంటి సన్న సంచి తొడిగి, నీడలో పది పదిహేను రోజులు ఉంచాలి. మూడు నాలుగు వారాలకు చిగురు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలిలో చెమ్మ ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో కట్టినవే ఎక్కువ బతుకుతాయి.

నాటడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు: మే నెలలో రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్ల గొయ్యి తీసి ఎండనివ్వడం, పైమట్టిలో పది కిలోల పశువుల ఎరువు కలిపి నింపడం, 8 మీటర్ల ఎడం, ఎకరాకు 60 పైన మొక్కలు, నీరు నిలవని నేల. కానీ రెండు తప్పులు మాత్రం ఇప్పటికీ ప్రతి ఊళ్లో కనిపిస్తాయి. ఒకటి, అంటు అతుకును మట్టిలో పూడ్చేయడం. అతుకు నేలకు రెండంగుళాల పైన ఉండాలి. రెండోది, అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను గిల్లకపోవడం. అడుగు మొక్కది మొరటు బలం, నెల రోజుల్లో పైదాన్ని అణిచేస్తుంది. అంటు చచ్చి అడుగు మొక్క చెట్టయితే, రైతు నాలుగేళ్లు దాన్నే సాకి, కాపు చూసి నర్సరీవాడు మోసం చేశాడంటాడు. పట్టీ విప్పడం మరిచిపోతే అది కాండాన్ని కోసేస్తుంది. మొదటి రెండేళ్లు వచ్చిన పూతను కూడా తుంచేయాలి. పాతవాళ్లకు ఇది మహా కష్టంగా ఉండేది, వచ్చిన పూతను చేత్తో తుంచడం పాపంలా అనిపించేది.

ఎదిగిన చెట్టుకు ఏడాదికి నత్రజని 500 గ్రాములు, భాస్వరం, పొటాష్ 125 గ్రాముల చొప్పున. లెక్కకు 1,100 గ్రాముల యూరియా, 780 గ్రాముల సూపరు ఫాస్ఫేటు, 210 గ్రాముల పొటాష్ ఎరువు. మొదలు దగ్గర కుప్ప పోస్తే దండగ. చెట్టుకు ఐదడుగుల దూరంలో చుట్టూ జానెడు వెడల్పు గాడి తీసి వేసి కప్పేయాలి.

అక్టోబరు, నవంబరులో చిగురు, డిసెంబరు నుంచి పూత. ఆ రోజుల్లో పూత మాడిపోతే మంచు కొట్టింది అనేవారు. ఊరూరా అదే మాట. మబ్బు పట్టిన నాలుగు రోజులకు తోట మొత్తం నిప్పంటుకున్నట్టు ఎర్రబడిపోతుంది కాబట్టి మంచునే తిట్టేవారు. మంచు సాక్షి మాత్రమే, దొంగ టీ దోమ. తేయాకు తోటల్లో ఉండేదాని చుట్టమే, పేరుకు దోమ గానీ అది నల్లి జాతి. నల్ల తల, ఎర్రటి నడుము, వీపు మీద గుండుసూది నిలబెట్టినట్టు ఒక ముల్లు. లేత చిగురును పొడిచిన చోట ముందు చిన్న జిగురు చుక్క వస్తుంది, ఒక్క రోజులో అది నల్లటి కోల మచ్చ అవుతుంది, మచ్చలు కలిసి చిగురు పైనుంచి కిందికి ఎండుతుంది. మంచుకు అలా జిగురు చుక్క పెట్టడం రాదు. చిగురప్పుడు ఒకసారి, పూత మొదట్లో ఒకసారి, పిందెప్పుడు ఒకసారి మందు కొట్టాలి. లామ్డా సైహాలోత్రిన్ 5 శాతం మందైతే లీటరు నీటికి 0.6 మిల్లీలీటర్లు. పొద్దున్న ఎండెక్కకముందు గానీ సాయంత్రం గానీ కొడితేనే దానికి తగులుతుంది. తేనెటీగలు తిరిగే వేళ కొడితే పిందె పట్టేది ఎవరు? వేప కూడా ఈ నల్లికి ఇల్లే, తోట గట్టున వేపచెట్లు ఉన్నవాళ్లు వాటినీ చూసుకోవాలి.

దీనికి చెట్టు మీదే కాపలా ఉండేది: ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు. ఆ గూళ్లున్న చెట్టు మీద నల్లి నిలవదు. కానీ పిక్కలేరేవాళ్లను కుడతాయని కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలు ముంచి ఆ గూళ్లనే కాల్చేవారు. పాత పద్ధతుల్లో మెచ్చుకోలేనిది ఏదైనా ఉందంటే అదే.

మొదలు తొలిచే పురుగుకు మాత్రం చీమలూ లేవు, పిచికారీలూ పనిచేయవు. పెంకు పురుగు చెట్టు అడుగున మూడడుగుల లోపు, బెరడు పగుళ్లలో బియ్యపుగింజలాంటి గుడ్డు పెడుతుంది. లోపల తెల్లటి పురుగు బెరడు కింద గుండ్రంగా తిరుగుతూ తొలుస్తుంది. మొదట కనిపించే గుర్తు మొదలు దగ్గర రంపపు పొట్టులాంటి ముద్ద, దానితో పాటు జిగురు. అప్పుడే ఉలి పెట్టి ఆ బెరడు చెక్కి, సైకిలు పుల్ల వంచి లోపలికి పోనిచ్చి పురుగును లాగేయాలి. దారి వంకర తిరిగి వేరులోకి పోతుంది, పుల్ల మెత్తగా తగిలే దాకా పోనివ్వాలి. తర్వాత క్లోరిపైరిఫాస్ 20 శాతం మందు లీటరుకు పది మిల్లీలీటర్లు కలిపి గాయం నిండా పూయాలి. తారు ఒక పాలు, కిరసనాయిలు రెండు పాళ్లు కలిపి మొదలుకు మూడడుగుల ఎత్తు పూసే అలవాటు కూడా ఉండేది, అది పురుగును చంపదు, గుడ్డు పెట్టనివ్వదు. ఆకులు పసుపెక్కాక, బెరడు సగం పోయాక ఆ చెట్టు దక్కదు. దాన్ని వేళ్లతో సహా పెళ్లగించి కాల్చేయాలి. పాపం పెద్ద చెట్టు గదా అని వదిలేస్తే చుట్టూ ఉన్న ఎనిమిదింటికీ పురుగు పంచుతుంది. పాత చెట్లను మొదలంటా నరికి, చిగురు మీద కొత్త రకం అంటు కట్టే పద్ధతి ఒకప్పుడు ఊపుగా నడిచింది. నరికిన మొదళ్లకే ఈ పురుగు ముందు చేరడంతో చాలా తోటలు రెంటికీ చెడ్డాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గరే తీరం దాటింది. పిక్క పాతి పెంచిన ముసలి చెట్లు చాలావరకు అప్పుడే పోయాయి. చిగురు కాలంలో రావడంతో ఆ ఏడు నిలిచిన చెట్లకూ సరైన పూత లేదు. ఒరిగిన పడుచు చెట్లను కొందరు కొమ్మలు మూడోవంతుకు కోసి, తాళ్లతో నిలబెట్టి, మొదలుకు మట్టి ఎగదోసి కాపాడుకున్నారు. పడిన వారం లోపు చేసినవాళ్లకే అది ఫలించింది, వేరు ఎండాక నిలబెడితే చెట్టు నిలువునా చచ్చేది. మిగతాదంతా కట్టెల లారీల్లో పోయింది.

పలాస, కాశీబుగ్గల్లో పిక్కలు కాల్చే డ్రమ్ముల పొగ కూడా ఇప్పుడు పెద్దగా లేదు. ఆవిరిలో ఉడికించి, కత్తి మిషను మీద చీల్చి, బోర్మా అనే వేడి అరలో ఆరబెట్టి పొర తీస్తున్నారు. ఊపిరితిత్తులకు అదే మంచిది. ఆఫ్రికా పిక్క విశాఖ రేవులో దిగి ఇక్కడికే వస్తుంది, అది వచ్చిన వారం మా బస్తా ధర జారుతుంది. కాల్చిన పప్పు వాసన మాత్రం ఉడికించిన దానికి రాదు, ఎంతమంది ఎన్ని చెప్పినా.

పండు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క రోజు నిలవ ఉండదు, గొంతు పట్టేస్తుంది. చీల్చి ఉప్పు అద్ది ఐదు నిమిషాలు ఉంచితే వగరు తగ్గుతుంది. బట్ట మీద రసం పడితే ఆ మచ్చ చొక్కా చిరిగే దాకా పోదు. పిక్క తీశాక మిగిలిన గుట్టలు ఆవులకే.

మే చివరికి తోటవాళ్లు ఏరడం ఆపేస్తే ఆ తర్వాత దొరికినవి గుంటలవి, పరిగె పిక్కలు. అవీ తప్పించుకుని ఆకుల కింద ఉండిపోయినవి జూన్ వానకు మొలిచేవి. నేల చీల్చుకుని తొక్క రెండుగా విడిపోతుంది, మధ్యలోంచి రెండు బద్దలూ లేతాకుపచ్చగా, బొద్దుగా బయటికి వస్తాయి. రెండు బొటనవేళ్లతో తొక్క పక్కకు నెట్టి, పొర ఊడబెరికి, బద్దలు గిల్లుకుని అక్కడే తినేవారు. కాల్చక్కర్లేదు, కొట్టక్కర్లేదు, చేతికి బూడిద అక్కర్లేదు.